జీవితకాల హామీ

సూపర్ మార్కెట్ నడిమి వరసలో
రబ్బరు బూట్లకీ చేపల గాలాలకీ మధ్య దొరికింది
నా మొదటి పానాల పెట్టె.
నూట ఎనిమిది ముక్కలు, నలభై డాలర్లు.
అష్టోత్తరమే అని నవ్వుకుంటూ కొన్నాను.

గీలాంగ్‌లో, నార్లేన్ వీధిలో,
షెడ్డు రేకుల మీద జూలై వాన.
తొంభై నాలుగు మోడల్ కరోలా పక్కన చతికిలబడి
బ్రేకు క్యాలిపర్ బోల్టుకి పద్నాలుగు సాకెట్ తగిలించి
ఒక్క ఊపు ఊపాను.
బోల్టు కదల్లేదు.
సాకెట్ నోరు విచ్చుకుంది.
ఆరు పలకల బోల్టు తల
నానబెట్టిన శనగగింజలా గుండ్రంగా తేలింది.
నా వేళ్ల కణుపులు స్ప్రింగు అంచు మీద
కాస్త తోలు వదిలి వెనక్కొచ్చాయి.

ఆడలేక మద్దెల ఓడు అంటారు.
నిజమే, నాకు ఆట రాదు.
వారమంతా ఆస్పత్రి ల్యాబులో రక్తం సీసాలు తిప్పేదాన్ని,
ఆదివారం మాత్రమే మెకానిక్‌ని.
కానీ ఆ రోజు
మద్దెల కూడా ఓడే.

పక్కింటి ద్రాగో కంచె దాటి వచ్చాడు.
ముప్పై ఒక్కేళ్లు ఇంజన్ల ఫ్యాక్టరీలో,
గేటుకి తాళం పడేదాకా.
నా సాకెట్ అందుకుని
ముక్కు దగ్గర పెట్టుకుని, నిజంగానే, వాసన చూశాడు.
"ఇది ఇనుము కాదమ్మాయ్,
ఇనుము గురించి పుకారు."

పెట్టెలు కొనకు,
ఏది విరిగితే దాని చోట మంచిది ఒక్కటి కొను.
ఇదీ అతని శాస్త్రం.
అలా నా చేతకానితనమే
నా సరుకుల చీటీ రాసింది.
ముందు పద్నాలుగు. తర్వాత పన్నెండు.
ఆ తర్వాత ముక్కుపోయిన పట్టకారు.
పది విరగలేదు, మాయమైంది,
మూడుసార్లు.
ఇంజన్ అడుగున ఎక్కడో
పదో నంబరు సాకెట్లు కాపురమున్న ఊరొకటి ఉండాలి.

జీతమొచ్చిన ఒక శుక్రవారం రాట్చెట్ కొన్నాను.
అరచేతిలో బరువు తూచి,
చెవి దగ్గర తిప్పి,
లోపలి టిక్కుల్ని ఒక్కొక్కటే విని.
ఇంట్లో సగం ధరే చెప్పాను.
దాని అట్టపెట్టె మీద ఉంది:
జీవితకాల హామీ.

ఆరేళ్లకి పళ్లు జారాయి.
మొరాయించే చక్రం నట్టుకి,
పిడికి ఇనప పైపు తొడిగి
మీద నిలబడ్డానని ఇప్పుడంటే చెబుతున్నాను.
కౌంటరు కుర్రాడు పైపు సంగతి అడగలేదు,
రసీదు కూడా అడగలేదు.
కంపెనీ చేతులు మారిందన్నాడు.
కొత్తది బల్ల మీద పెట్టి
పాతదాన్ని ఒక తొట్టి వైపు జరిపాడు,
అందులో అప్పటికే పది పదిహేను శవాలు.

కొత్తది తళతళలాడుతోంది.
తిప్పాను. టిక్కుల్లో ఏదో తొందర,
బస్సు కోసం పరిగెత్తేవాడి మాటలా.
"జీవితకాలం అంటే ఎవరిది?
దీనిదా, నాదా, కంపెనీదా?"
వాడు పాపం అట్ట తిప్పి
వెనకంతా చదివాడు.
అక్కడ రాసి లేదు.

పాతదే వెనక్కి తెచ్చుకున్నాను.

ద్రాగో బల్ల మీద విప్పితే
రెండు స్క్రూలు, పావలా అంత మూత,
గోరంత పళ్లబిళ్ల,
నల్లటి గ్రీజులో, బియ్యంలో రాయిలా,
విరిగిన పన్ను.
పదకొండు డాలర్ల విడిభాగాలు పోస్టులో వచ్చాయి.
స్ప్రింగు రెండుసార్లు ఎగిరిపోయింది.
రెండోసారి ద్రాగో చొక్కా జేబులో దొరికింది,
కళ్లజోడు పక్కన,
తనకేం తెలీనట్టు.

బిగించి తిప్పాను.
పాత నడకే. ఒక్క టిక్కు మాత్రం
కాస్త గట్టిగా, కొత్త చెప్పులేసుకున్నట్టు.

నూట ఎనిమిదిలో డెబ్బై మూడు
ఇంకా పెట్టెలోనే ఉన్నాయి.
నోరు విచ్చుకున్న సాకెట్‌తో
గాలికి షెడ్డు తలుపు కొట్టుకోకుండా ఆపుతున్నాను.
దానికి అది చాలు.

ఇనప పైపుని ద్రాగో పట్టుకుపోయాడు.
టమాటా తీగకి ఊతంగా పాతాడు,
కంచెకి అవతల,
నా చెయ్యి అందనంత దూరం
కొలిచి మరీ.